పోస్టు పెట్టినందుకు వాట్సాప్‌లో 35(3) నోటీసు: స్టేషన్‌కి వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: గట్టుమీద

ఊరి చెరువులో మట్టి తవ్వకాల మీద ఒకతను ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాడు. రాత్రిపూట టిప్పర్లు పోతున్న రెండు ఫొటోలు, కింద నాలుగు వాక్యాలు. అనుమతి ఎంత మట్టికి, తోలింది ఎంత, ఎమ్మెల్యే మనుషులే తోలుతుంటే తహశీల్దారు ఎవర్ని అడుగుతారు అని. బూతు లేదు, కులం ఊసు లేదు, మతం ఊసు లేదు. ఎవరో దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో వేశారు. మూడో రోజు స్టేషన్ నుంచి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కింద హాజరు కమ్మనే నోటీసు, మర్నాడు ఉదయం 10 గంటలకు ఫోనుతో సహా రావాలట. సెక్షన్లు: బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 196(1), 353(2), 352, 356(2). ఎఫ్‌ఐఆర్ కాపీ జత చేయలేదు.

వాట్సాప్‌లో వచ్చిన నోటీసు చెల్లుతుందా? వెళ్లాలా వద్దా? ఫోను ఇవ్వాల్సిందేనా? పోస్టు తీసేస్తే సరిపోతుందా? ఊళ్లో చాలామంది అప్పుడే పోస్టులు తీసేసుకుంటున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు: వకాల్తా

ముందు నోటీసు సంగతి. 35(3) నోటీసు వాట్సాప్‌లో పంపితే అది చట్టప్రకారం అందజేసినట్టు కాదు. సతేందర్ కుమార్ అంతిల్ కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఈ మాట స్పష్టంగా చెప్పింది. హర్యానా ప్రభుత్వం దాన్ని సడలించమని అడిగితే అదే ఏడాది జూలైలో మళ్లీ కాదంది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. నోటీసుకు స్పందించకపోతే 35(6) కింద అరెస్టుకు దారి తెరుచుకుంటుంది. మనిషి స్వేచ్ఛ పోయే కాగితం ఫోనులో ఒక మెసేజ్‌గా వచ్చి పడకూడదు.

అయితే ఈ తీర్పును పట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నోటీసు చెల్లదని మనకు తెలిసినా, ‘పిలిస్తే రాలేదు’ అని కేస్ డైరీలో రాసుకునే అవకాశం వాళ్లకు ఇవ్వకూడదు. అదే రోజు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇలా రాస్తే చాలు:

‘స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. ఫలానా తేదీన ఫలానా గంటకు నా ఫోనుకు వాట్సాప్‌లో ఒక నోటీసు ప్రతి వచ్చింది. దర్యాప్తుకు సహకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. చట్టంలో చెప్పిన పద్ధతిలో నోటీసు నాకు అందజేయగలరు. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఇప్పించగలరు. నోటీసు అందాక నా న్యాయవాదితో మాట్లాడుకుని హాజరవడానికి ఏడు రోజుల గడువు కోరుతున్నాను.’

సంతకం, తేదీ, చిరునామా. ఒక ప్రతి స్పీడ్ పోస్టులో స్టేషన్‌కి, ఇంకొకటి డీఎస్పీ లేదా ఏసీపీ ఆఫీసుకి. పోస్టాఫీసు రసీదు జాగ్రత్త. స్టేషన్ ఈమెయిల్‌కి కూడా పంపితే ఎన్ని గంటలకు వెళ్లిందో రికార్డు ఉంటుంది. ఈ కాగితం తర్వాత ముందస్తు బెయిల్లోనూ, కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్లోనూ ఎంత పనికొస్తుందో కోర్టులో చూస్తేగానీ తెలియదు.

ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. 2016 సెప్టెంబర్‌లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, సున్నితమైనవని నిర్ణయించిన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలి. నెట్‌వర్క్ ఇబ్బందులున్న చోట 72 గంటల వరకు సమయం ఉంది. అక్కడ దొరక్కపోతే మెజిస్ట్రేట్ కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ‘పైనుంచి ఒత్తిడి ఉంది, ఇవ్వలేం’ అనేది చట్టంలో ఎక్కడా లేని కారణం.

ఇక సెక్షన్లు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 356 పరువునష్టం, నాన్ కాగ్నిజబుల్, అంటే పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయలేనిది. 352 కావాలని అవమానించడం, అదీ నాన్ కాగ్నిజబులే. ఈ రెండూ మాత్రమే ఉంటే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తే మొదలుపెట్టకూడదు, బీఎన్‌ఎస్‌ఎస్ 174(2). కానీ 174(4) ఏమంటుందంటే, పెట్టిన సెక్షన్లలో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా కేసు మొత్తం కాగ్నిజబుల్ కింద లెక్క. అందుకే 196నో (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం), 353(2)నో (వర్గాల మధ్య ద్వేషం పెంచే తప్పుడు సమాచారం) పక్కన చేరుస్తారు. అవి రెండూ నాన్ బెయిలబుల్ కూడా. కాబట్టి ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే చూడాల్సింది ఎన్ని సెక్షన్లు పెట్టారని కాదు, ఏ సెక్షన్ ఆసరాతో మిగతావి నిలబడ్డాయి అని. ఆ ఒక్కటి పడిపోతే పోలీసులకు చేతిలో ఏమీ మిగలదు.

మీరు చెప్పిన పోస్టుకు 196 ఎలా నిలబడుతుందో నాకు బోధపడటం లేదు. మతం, కులం, భాష, ప్రాంతం లాంటి ప్రాతిపదిక మీద రెండు వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే 196. మాటలో రెండు వర్గాలు కనబడాలని, ఒక వర్గం మనోభావాలు రెచ్చగొట్టినంత మాత్రాన చాలదని సుప్రీంకోర్టు 1997లోనే అంది. పాత ఐపీసీ సెక్షన్లు 153ఏ, 505(2) మీద వచ్చిన తీర్పు అది. బిలాల్ అహ్మద్ కాలూ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, మన దగ్గర్నుంచి వెళ్లిన కేసే. మట్టి తోలేవాళ్లు ఒక వర్గమూ కాదు, అడిగేవాళ్లు ఇంకో వర్గమూ కాదు.

జవాబు: రికార్డ్‌రూం

వకాల్తా గారు చెప్పినదానికి కలపాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది ప్రాథమిక విచారణ. మూడేళ్లు మొదలుకుని ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) ఉంది. డీఎస్పీ ముందస్తు అనుమతితో 14 రోజుల్లో, కేసు కట్టడానికి సరుకు ఉందా లేదా అని చూసుకోవచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇది లేదు. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ వర్సెస్ గుజరాత్ కేసులో 2025 మార్చి 28న సుప్రీంకోర్టు దీనికి పదును పెట్టింది. ఒక కవిత వీడియో మీద జామ్‌నగర్‌లో కట్టిన కేసు అది. మాట, రాత మీద ఫిర్యాదు వచ్చి, శిక్ష ఆ పరిధిలో ఉన్నప్పుడు ముందు ప్రాథమిక విచారణ చేయడమే తగిన పద్ధతి అని చెప్పింది. మాట ప్రభావాన్ని గుండె నిబ్బరం ఉన్న మామూలు మనిషి కొలతతో చూడాలి, ప్రతిదానికీ బెదిరిపోయేవాళ్ల కొలతతో కాదు అని కూడా అంది. 196(1)కీ 353(2)కీ గరిష్ఠ శిక్ష మూడేళ్లు. అంటే మీరు చెప్పిన కేసు సరిగ్గా ఈ పరిధిలోకే వస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లో ఫిర్యాదు అందిన సమయం, నమోదైన సమయం రెండూ రాసి ఉంటాయి. రెంటికీ మధ్య గంటన్నర తేడా ఉంటే ప్రాథమిక విచారణ జరగలేదని ఆ కాగితమే చెబుతుంది.

రెండోది తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబర్ 10 తీర్పు. అధికార పార్టీని విమర్శించిన ఎక్స్ పోస్టుల మీద కట్టిన మూడు కేసులు కొట్టేస్తూ పోలీసులకు, మెజిస్ట్రేట్లకు మార్గదర్శకాలిచ్చింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా చూడాలి. పరువునష్టమైతే మెజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి. రాజకీయ విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా, హింసకు ఉసిగొల్పితే తప్ప యాంత్రికంగా కేసు కట్టకూడదు. సున్నితమైన విషయమైతే ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలి. ఆంధ్రలో ఉన్నవాళ్లు ఈ తీర్పును ఉదహరించుకోవచ్చు గానీ, అక్కడి పోలీసులను అది నేరుగా కట్టిపడేయదు. అక్కడ పట్టుకోవాల్సింది ఇమ్రాన్ తీర్పు, దాంతోపాటు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూలైలో మెజిస్ట్రేట్లకు పంపిన సర్క్యులర్. సోషల్ మీడియా కేసుల్లో రిమాండ్ ఇచ్చేముందు, అవసరం లేని అరెస్టులు వద్దన్న సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పూ ఇమ్రాన్ తీర్పూ పాటించారో లేదో చూడాలన్నది దాని సారాంశం. రిమాండ్‌కి తీసుకెళ్తే న్యాయవాది చేతిలో ఈ మూడు కాగితాల ప్రింట్లు ఉండాలి. ఫోనులో చూపిస్తానంటే ఆ హడావుడిలో ఎవరూ చూడరు.

మూడోది చాలామంది మర్చిపోయేది. 196 మీదా 353 మీదా ఛార్జిషీటు వేసినా, బీఎన్‌ఎస్‌ఎస్ 217 కింద అనుమతి లేకుండా కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదు. 196కి ప్రభుత్వ అనుమతి కావాలి, 353(2)కి జిల్లా మెజిస్ట్రేట్ అనుమతైనా సరిపోతుంది. ఎఫ్‌ఐఆర్ దశలో ఇది అడ్డం రాదు. ఛార్జిషీటు కాపీ రాగానే మాత్రం మొదట వెతకాల్సింది ఆ అనుమతి ఉత్తర్వు.

ఒకవేళ తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో బీఎన్‌ఎస్ 111, వ్యవస్థీకృత నేరం, కలిపితే కంగారు పడొద్దు గానీ తేలిగ్గానూ తీసుకోవద్దు. దాని నిర్వచనంలో ‘కొనసాగుతున్న చట్టవిరుద్ధ కార్యకలాపం’ ఉండాలి. అంటే గత పదేళ్లలో ఒకటికి మించి ఛార్జిషీట్లు కోర్టులో దాఖలై, కోర్టు వాటిని విచారణకు తీసుకుని ఉండాలి. ఒక్క కేసూ లేనివాడికి అది ఎలా వర్తిస్తుందన్నదే హైకోర్టులో మొదటి ప్రశ్న కావాలి.

జవాబు: ఊరుమాట

చట్టం చెప్పారు, బాగుంది. పల్లెలో జరిగేది వేరు. హైకోర్టులో క్వాష్ పిటిషన్ అంటే ఫీజు, రాకపోకలు, పని మానుకోవడం. రోజుకూలి చేసుకునే మనిషి ఎన్నిసార్లు తిరగగలడు? పోస్టు తీసేసి, ఇకమీదట పెట్టనని రాసిస్తే చాలా స్టేషన్లలో అక్కడితో వదిలేస్తారు. అందరూ పోరాడాలని బయటినుంచి చెప్పడం సులువు. నోటీసు అందుకున్న మనిషి ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు.

జవాబు: వకాల్తా

ఊరుమాట గారూ, మీ బాధ నిజమైనదే, ఖర్చు మాటా నిజమే. కానీ ఆ సలహాలో రెండు ప్రమాదాలున్నాయి.

నోటీసు వచ్చాక పోస్టు తీసేయడం ‘సాక్ష్యం మాయం చేశాడు’ అనడానికి దారి ఇస్తుంది. కోర్టులో చూపాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేయడం బీఎన్‌ఎస్ 241 కింద విడిగా ఒక నేరం. తీసేయాలనే నిర్ణయానికి వస్తే న్యాయవాదితో మాట్లాడి, ముందు పూర్తి కాపీ భద్రం చేసి, ఏ తేదీన ఎందుకు తీశారో రాసిపెట్టుకుని తీయాలి. పైగా తన మాట నిజమని చూపించుకోవడానికి ఆ పోస్టే కావాలి. 353లోనే మినహాయింపు ఉంది. తాను చెప్పేది నిజమని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉండి, సద్భావంతో, ద్వేషం పెంచే ఉద్దేశం లేకుండా చెబితే అది నేరం కాదు. టిప్పర్ల ఫొటోల అసలు ఫైళ్లు, తవ్వకం అనుమతి మీద సమాచార హక్కు దరఖాస్తు, తహశీల్దారుకి ఇచ్చిన అర్జీ రసీదు ఉంటే ఆ మినహాయింపుకు బలం వస్తుంది. ఇప్పటిదాకా ఆర్టీఐ వేయకపోతే ఈరోజే వేయండి. అనుమతి ఉత్తర్వు, అందులోని పరిమాణం, సీనరేజి (మట్టికి ప్రభుత్వానికి కట్టే రుసుము) చలాన్లు అడగండి.

రెండో ప్రమాదం ‘రాసిస్తే వదిలేస్తారు’ అనేది. ఆ రాసిచ్చిన కాగితం ఎక్కడికీ పోదు, స్టేషన్లోనే ఉంటుంది. రేపు ఇంకో పోస్టు పెడితే అదే తీసి, తహశీల్దారు ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 126 కింద బైండోవర్‌కు, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడానికి, ఆధారంగా చూపుతారు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 23 ఆ విషయం చెబుతోంది. దర్యాప్తులో రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ 181 చెబుతోంది. అయినా మన రెండు రాష్ట్రాల్లో ఇద్దరు మధ్యవర్తుల్ని, చాలాసార్లు వీఆర్వోలనే, కూర్చోబెట్టి ‘ఒప్పుకోలు పంచనామా’ రాయించే అలవాటు పోలేదు. సంతకం పెట్టమంటే ఒకటే మాట: చదివి వినిపించండి, ప్రతి ఇవ్వండి. అసలు చెప్పనిది అందులో ఉంటే సంతకం పెట్టే పేజీ మీదే ‘ఇందులోని విషయాలు నేను చెప్పినవి కావు’ అని సొంత చేతిరాతతో రాయాలి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు చెప్పినా సంతకం వద్దు.

ఖర్చు విషయానికొస్తే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయవాదిని ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. హైకోర్టుదాకా వెళ్లలేకపోయినా, ముందస్తు బెయిల్ జిల్లా సెషన్స్ కోర్టులోనే వేసుకోవచ్చు. నంబర్ల దగ్గర తికమక పడొద్దు. పాత చట్టంలో 482 అంటే క్వాష్. కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528. పాత తీర్పులు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

జవాబు: తాళంచెవి

ఫోను గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను చెప్తాను.

‘ఫోను పట్టుకుని రా’ అని నోటీసులో రాసినంత మాత్రాన అప్పగించాల్సిన బాధ్యత పుట్టదు. వస్తువులు, పత్రాలు తెమ్మని అడిగే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ 94లో ఉంది. దాని పూర్వరూపం నిందితుడికి వర్తించదని 1964లో గుజరాత్ వర్సెస్ శ్యామ్‌లాల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం ఇవ్వక్కర్లేదన్న రాజ్యాంగం 20(3) అధికరణం దానికి మూలం. పోలీసులు జప్తు చేసుకోవచ్చు, అది బీఎన్‌ఎస్‌ఎస్ 106 కింద వేరే అధికారం. అలా చేస్తే పాటించాల్సిన పద్ధతి ఉంది. 105 ప్రకారం సోదా, జప్తు మొత్తాన్ని, జాబితా రాసి సాక్షులు సంతకం పెట్టేదాకా, వీడియో తీసి ఆలస్యం లేకుండా మెజిస్ట్రేట్‌కి పంపాలి. ఫోనును కవర్లో పెట్టి సీలు వేయాలి. జాబితాలో మోడల్, ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబర్లు, సిమ్, మెమరీ కార్డు విడివిడిగా రాయించండి. ‘ఒక నల్ల సెల్‌ఫోను’ అని రాస్తే ఒప్పుకోవద్దు. రెండు సిమ్‌ల ఫోనుకు ఐఎంఈఐలు రెండుంటాయి. పెట్టె మీద ఉంటాయి, లేదా డయల్ ప్యాడ్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే కనిపిస్తాయి. ఇవాళే రాసిపెట్టుకోండి.

పాస్‌వర్డ్ చెప్పాలా వద్దా అన్నదాని మీద హైకోర్టులు ఒక మాట మీద లేవు. కర్ణాటక హైకోర్టు 2021లో ఒక దారి పట్టింది, ఢిల్లీ హైకోర్టు 2023లో నిందితుణ్ని బలవంతపెట్టలేరంది. కాబట్టి అక్కడికక్కడ నోటితో తేల్చుకోవద్దు. ‘న్యాయవాదిని అడిగి రాతపూర్వకంగా చెబుతాను’ అనండి, చాలు. నా ఉద్దేశంలో బహిరంగంగా పెట్టిన పోస్టుకు ఫోనుతో పనేలేదు. పోస్టు అందరికీ కనిపిస్తోంది, పెట్టినవాడు తనే పెట్టానంటున్నాడు. ఇక ఫోనులో వెతకాల్సింది ఏముంది? ఈ ప్రశ్న జవాబు లేఖలోనే రాయాలి.

మీ వైపు సాక్ష్యం కూడా పద్ధతిగా దాచుకోవాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే కోర్టులో నిలబడదు. పోస్టు లింకు, తేదీ, సమయం కనిపించేలా పేజీ మొత్తం పీడీఎఫ్‌గా దాచండి. ఫొటోలు వాట్సాప్ నుంచి తీసుకున్నవి కాకుండా కెమెరా ఫోల్డర్లోని అసలువి దాచండి. వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, తీసిన సమయం లాంటి వివరాలు చెరిగిపోతాయి. ఆ ఫైళ్లకు షా-256 హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) తీసి రాసుకోండి. సాక్ష్య అధినియమం 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ అడుగుతారు. అందులో ‘పార్ట్ ఎ’ సాక్ష్యం దాఖలు చేసేవాళ్లు నింపాలి, ‘పార్ట్ బి’ నిపుణుడు నింపాలి. చాలామంది ‘పార్ట్ ఎ’ ఒక్కటే ఇచ్చి దెబ్బతింటున్నారు.

గట్టుమీద

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకో రెండు విషయాలు చెప్పండి. గ్రూపు అడ్మిన్‌ని కూడా పిలుస్తామంటున్నారు. ఇతను స్టేషన్‌కి వెళ్లిన రోజు రాత్రిదాకా కూర్చోబెడితే బయట ఉన్నవాళ్లం ఏం చేయాలి?

జవాబు: రికార్డ్‌రూం

అడ్మిన్: గ్రూపులో ఎవరో వేసినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఇద్దరూ కలిసి అనుకుని చేశారని చూపిస్తే తప్ప. అడ్మిన్‌ని సాక్షిగా పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 179 కింద రాతపూర్వక ఉత్తర్వు కావాలి. ఆ అడ్మిన్ మహిళ అయినా, 60 దాటినా స్టేషన్‌కి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి.

కూర్చోబెడితే: వెళ్లేటప్పుడు న్యాయవాదితో కలిసి, పగటిపూట వెళ్లాలి. లోపలికి వెళ్లిన నిమిషం రాసుకోండి. 35(3) నోటీసుకు హాజరైనవాణ్ని అరెస్టు చేయాలంటే 35(5) కింద కారణాలు రికార్డు చేయాలి. అరెస్టు చేయలేదంటూ బయటకూ వదలకపోతే అది నిర్బంధమే. సాయంత్రానికి పంపకపోతే, ‘ఫలానా మనిషి ఇన్ని గంటలకు ఫలానా స్టేషన్లోకి వెళ్లాడు, ఇప్పటిదాకా బయటికి రాలేదు, అరెస్టు అయితే కారణాలు తెలపండి’ అని ఎస్పీ లేదా కమిషనర్‌కి ఈమెయిల్, ప్రతి న్యాయవాదికి. అరెస్టు చూపితే మెమో మీద కుటుంబసభ్యుడో ఊరి పెద్దో సాక్షి సంతకం, తారీఖు, సమయం ఉండాలి. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. బంధువులకు తెలియజేయాలి. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ గడియారం మొదలయ్యేది మెమోలో రాసిన సమయం నుంచి కాదు, మనిషిని కదలనీయకుండా ఆపిన క్షణం నుంచి. అందుకే లోపలికి వెళ్లిన నిమిషం రాసుకోమన్నది.

సీసీ కెమెరా సంగతి కూడా. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గదితో సహా కెమెరాలు పెట్టాలని, ఫుటేజి 18 నెలలు ఉంచాలని, అంత నిల్వ లేకపోయినా ఏడాదికి తగ్గకూడదని చెప్పింది. కొట్టినా, తిట్టినా, రాత్రంతా కూర్చోబెట్టినా ఆ ఫుటేజి భద్రపరచమని వారంలోగా కోర్టులో దరఖాస్తు వేయండి. ఆలస్యం చేస్తే ‘కెమెరా పనిచేయలేదు’ అన్న జవాబు వస్తుంది.

జవాబు: తాళంచెవి

పోస్టు ‘భారతదేశంలో కనిపించదు’ అని ఫేస్‌బుక్ నుంచి మెసేజ్ వస్తే దాన్ని చెరిపేయకండి. 2025 నవంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనల సవరణ ప్రకారం, పోలీసుల తరఫున అలాంటి తొలగింపు ఆదేశం ప్రత్యేకంగా అధికారం పొందిన డీఐజీ స్థాయి అధికారే పంపాలి. ఏ చట్టం కింద, ఎందుకు, ఏ లింకు అన్నది అందులో ఉండాలి. ఎస్‌ఐ పంపిన మెయిల్ చాలదు. ఆ మెసేజ్‌ను పీడీఎఫ్‌గా దాచి, ముందు ఫేస్‌బుక్ ఫిర్యాదుల అధికారికి రాయండి. అక్కడ తేలకపోతే 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు వేసుకోవచ్చు.

జవాబు: ఊరుమాట

వకాల్తా గారూ, ఒప్పుకుంటున్నాను. రాసివ్వడం గురించి నేను చెప్పినది వెనక్కి తీసుకుంటున్నాను. ఆ 181, 23 సంగతి ఊళ్లో నలుగురికీ తెలిసేలా ఆ జవాబు లేఖ నమూనాను ఒక పేజీ కాగితంగా చేసి పంచాయతీ ఆఫీసు దగ్గరి జిరాక్స్ షాపులో పెట్టిస్తాం. గట్టుమీద గారూ, రేపు ఉదయం 10 అంటున్నారు కదా, ఈమెయిల్ ఈ రాత్రికే వెళ్లిపోవాలి. పొద్దున్నే పోస్టాఫీసు తలుపులు తెరవగానే స్పీడ్ పోస్టు వేసి, ఆ రసీదు జేబులో పెట్టుకున్నాకే మిగతా పని.